ఆసుపత్రిలో అత్తగారు తికమకపడితే

తుంటి ఎముక ఆపరేషనైన అత్తగారు మూడోనాటి రాత్రి మిమ్మల్నే పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అంటూ సెలైన్ సూది లాగేస్తున్నారనుకోండి. పిచ్చెక్కిందని బెంబేలు పడకండి. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షను, ఒంట్లో సోడియం తగ్గడం, కొన్ని మందులు, ఆఖరికి మలబద్ధకం కూడా కారణం కావచ్చు. పగలు తేటపడి రాత్రికి ముదురుతుంది కనుక రౌండ్సుకొచ్చిన డాక్టరుగారి కంట పడకపోవచ్చు. "మొన్నటిదాకా ఇలా లేరండీ" అని మీరే చెప్పాలి. ఇంట్లో వేసుకునే మందులన్నీ, నిద్రమాత్రతో సహా, చూపించాలి.

పోతాయేమోనని కళ్ళజోడు, చెవిమిషను ఇంట్లో దాచేస్తాం చూశారూ, ముందు అవి తెచ్చిపెట్టండి. వాదించకండి. "నేను మీ కోడల్ని అత్తయ్యా, ఇది ఆసుపత్రి" అని చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పండి. చేతులు కట్టేస్తే భయం ఇంకా పెరుగుతుంది. తేరుకోవడానికి కొందరికి వారాలు పడుతుంది. తేరుకున్నాక ఆ మాటలెత్తి నవ్వకండి, ఆవిడకి కొంత గుర్తుండవచ్చు.