కుంటలో నాచు ఊపిరి

మన హాస్టల్ వెనక కుంటలో పచ్చని నాచు ఉంది కదా, చేతిలోకి తీస్తే పట్టుదారంలా జారిపోతుంది. దాన్ని స్పైరోగైరా అంటారు. సూక్ష్మదర్శినిలో చూస్తే ప్రతి కణంలోనూ పచ్చని రిబ్బను మెలి తిరిగి కనిపిస్తుంది. అదే హరితరేణువు. ఆహారం తయారయ్యేది అక్కడే.

చెట్టు ఆకులకు పత్రరంధ్రాలు ఉంటాయి. నాచుకు ఆకులే లేవు, ఇంక రంధ్రాలెక్కడివి? వాటితో దానికి పనీ లేదు. ఒక్కో పోగులో కణాలు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ప్రతి కణమూ నీళ్లను తాకుతూనే ఉంటుంది. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కణకవచం గుండా లోపలికి వస్తుంది, ఆక్సిజన్ బయటికి పోతుంది. దీన్నే వ్యాపనం అంటారు. నీళ్లలో ఈ వాయువులు గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అందుకే పోగు సన్నగా ఉండటం నాచుకు మేలు.

ఎండలో ఆక్సిజన్ ఎక్కువైతే నీళ్లలో ఇమడక బుడగలు కడుతుంది. అవి పోగుల మధ్య చిక్కుకుని నాచును పైకి తేలుస్తాయి. మధ్యాహ్నం కుంట మీద చాప పరిచినట్టు కనబడేది అందుకే. నీళ్లలో ముంచిన ఆకులు వెలుతురులోనే ఈ వాయువు వదులుతాయని 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్ వైద్యుడు రాశాడు. మనమూ గాజు సీసాలో నాచు వేసి ఎండలో పెట్టి చూడొచ్చు. పక్కనే ఉత్త నీళ్ల సీసా కూడా పెట్టాలి. ఎందుకంటే వేడికి నీళ్లలోని మామూలు గాలి కూడా బుడగలు కడుతుంది!

ఇక అసలు సంగతి. చీకటి పడితే ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది, శ్వాస మాత్రం ఆగదు. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, లీటరు నీళ్లలో మామూలుగా 6 మిల్లీలీటర్లే కరుగుతుంది. ఆ కాస్తనే నాచూ, చేపలూ, కుళ్లబెట్టే బాక్టీరియా రాత్రంతా పంచుకోవాలి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అందుకే, ఆకలితో కాదు. పాపం ఆకలేమో అని కొందరు తమ్ముళ్లు మెతుకులు వేస్తున్నారు. అవి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది. ముసురు పట్టిన రోజుల్లో అయితే పగలు కూడా నాచు సరిగా పనిచెయ్యదు, మర్నాటికి చేపలు చచ్చి తేలినా తేలతాయి.

వార్డెన్ సారుకు ఒక మనవి. ఎంగిలి కంచాలు కడిగిన నీళ్లు కుంటలోకి పోకుండా కాలువను అరటి మొక్కల వైపు తిప్పించండి. తవ్వడానికి మా 9వ తరగతి వాళ్లం ఆదివారం వస్తాం, పారలు ఇప్పిస్తే చాలు.