మూడు రజతముల తరువాత

మన కుస్తీలో కాలు పట్టి పడవేయవచ్చును. గ్రీకో-రోమన్ కుస్తీలో ప్రత్యర్థిని నడుమునకు దిగువ పట్టరాదు; కాళ్లతో పట్లు వేయరాదు. చేతుల బలము, ఛాతీ బలము, అదను తెలియుట అను నివియే సాధనములు. ఈ విద్యలో ఆరితేరిన హంగరీ మల్లుడు ఇమ్రె పొయాక్ 1932లో కెచ్కెమేత్ పట్టణమున జన్మించెను. 1952లో హెల్సింకిలో, 1956లో మెల్‌బోర్న్‌లో, 1960లో రోములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆయనకు వరుసగా లభించినది రజత పతకమే. 1955, 1958, 1962 సంవత్సరములలో ప్రపంచ విజేత యైనను ఒలింపిక్ స్వర్ణము మాత్రము చేజిక్కలేదు. ముమ్మారు తుదిమెట్టుకడ ఆగిన మల్లుడు గోదా విడిచిన నెవరును తప్పెంచరు. పొయాక్ విడువలేదు. వయసుతో దేహము బరువెక్కుట సహజము. అయినను ఆయన నాలుగు ఒలింపిక్ క్రీడలందును ఫెదర్‌వెయిట్ తరగతిలోనే పోరాడెను. అది సామాన్యమైన నిగ్రహము కాదు. తుదకు 1964లో టోకియోలో, 32 ఏండ్ల వయసున, స్వర్ణ పతకము నందుకొనెను.