పురపాలక సంఘాల్లో విద్యుత్తు పొదుపు

పురపాలక సంఘాల కరెంటు బిల్లులో సింహభాగం రెండు పనులకే పోతుంది: నీటిని తోడడం, వీధి దీపాలు వెలిగించడం. కార్యాలయాలు, బడులు, ఆసుపత్రుల వాడకం వాటి తరువాతే. ఈ బిల్లు ప్రజల పన్నులతో కట్టేదే కాబట్టి ఇక్కడ మిగిలిన సొమ్ము ఊరికి అక్కరకొస్తుంది.

వీధి దీపాల విషయంలో ముందడుగు వేసిన నగరాల్లో విశాఖపట్నం ఒకటి. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ తుఫాను అక్కడి విద్యుత్ స్తంభాలను నేలకూల్చింది. ఆ తరువాత పాత దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ పరిధిలోని ఈఈఎస్‌ఎల్ ఈ పని చేపట్టింది. ముందు పెట్టుబడి ఆ సంస్థే పెట్టి, బిల్లులో ఆదా అయిన డబ్బు నుంచి దాన్ని విడతలుగా రాబట్టుకోవడం ఈ పద్ధతిలోని కిటుకు. 2015 జనవరిలో ఇదే జాతీయ కార్యక్రమంగా మొదలైంది.

సోడియం దీపం వెలుతురును అన్ని వైపులా చిమ్ముతుంది. దాని చోకూ కొంత కరెంటు తింటుంది. ఎల్‌ఈడీ కాంతి నేరుగా రోడ్డు మీదే పడుతుంది. 250 వాట్ల సోడియం దీపం 11 గంటలు వెలిగితే, చోకును లెక్కలోకి తీసుకోకున్నా, 2.75 యూనిట్లు ఖర్చవుతాయి. 120 వాట్ల ఎల్‌ఈడీకి 1.32 యూనిట్లు చాలు.

దీపం ఎంతసేపు వెలుగుతుందన్నదీ ముఖ్యమే. విశాఖలో జూన్ రాత్రి సుమారు 11 గంటలైతే, డిసెంబరు రాత్రి 13 గంటలు. ఏడాదంతా ఒకే వేళకు స్విచ్ వేస్తే కొన్నాళ్లు పట్టపగలు దీపాలు వెలుగుతాయి, కొన్నాళ్లు చీకట్లో వెలగవు. స్తంభం దగ్గరి నియంత్రణ పెట్టెలో తేదీని బట్టి సూర్యోదయ, సూర్యాస్తమయాలను లెక్కగట్టే టైమరు అమరిస్తే ఈ చిక్కు తీరుతుంది. రద్దీ తగ్గే అర్ధరాత్రి తరువాత వెలుతురు కొంత తగ్గించవచ్చు.

నీటి సరఫరాలో వృథా కంటికి కనబడదు. పంపును పూర్తి వేగంతో తిప్పుతూ వాల్వు సగం మూయడమంటే, యాక్సిలరేటర్ తొక్కి పట్టి బ్రేకు వేయడమే. మోటారు వేగాన్నే తగ్గించే పరికరాలున్నాయి. గొట్టాల్లో రాపిడి మాత్రమే అడ్డుగా ఉన్నచోట వేగం 20 శాతం తగ్గితే విద్యుత్తు దాదాపు సగానికి పడిపోతుంది. నీరు ఎత్తయిన ట్యాంకుకు ఎక్కాల్సిన చోట ఈ లాభం తక్కువ. లీకులు అరికడితే తోడాల్సిన నీరే తగ్గుతుంది.

భవనాల్లో 75 వాట్ల మామూలు ఫ్యాను బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను వాడవచ్చు. ఏసీని 24 డిగ్రీల వద్ద ఉంచి, పైకప్పుకు తెల్లని చలువ పూత వేయిస్తే వేసవి భారం తగ్గుతుంది.

వీటన్నిటికీ ఆధారం మీటరు. ప్రతి పంపుకూ, భవనానికీ నెలనెలా యూనిట్లు నమోదు చేసి, కిందటేటి అంకెలతో పోల్చినప్పుడే ఎక్కడ పొదుపు జరిగిందో, ఎక్కడ మరమ్మతు కావాలో తేలుతుంది.