విదేశాలకు... సేవ కోసం



విదేశం అనగానే మనకు వీసా, జీతం, సెటిల్ అవడమే గుర్తొస్తాయి. టీచర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు సేవ కోసం కూడా వెళ్తారని మన పిల్లలకు తెలుసా?

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. 18 ఏళ్లు నిండినవారు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఎంపికైతే జీతం ఉండదు. అక్కడి ఖర్చులకు నెలవారీ భత్యం, ఆరోగ్య బీమా ఇస్తారు. వెళ్లలేనివారు అనువాదం, డిజైనింగ్ లాంటి పనులు ఇంటి నుంచే చేయవచ్చు.

ఒక జాగ్రత్త: దరఖాస్తుకు ఫీజు లేదు. సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: "నీ చదువు ఇంకెవరికి ఉపయోగపడాలి?" జవాబు తొందరపెట్టకుండా వినండి.