పేరు తెలియని ఇనుప ముక్కలు

పాత లేత్ షాపు సామాను అమ్మకానికి పెడితే, ఎవరికీ పేరు తెలియని ముక్కలు కొన్ని తప్పకుండా తేలతాయి. అవి చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఎమరీ కాగితంతో రుద్దడం. ముక్క మెరుస్తుంది. దానిమీద సన్నగా కొట్టిన నంబరు, ఎక్కడ అరిగిందో చెప్పే జాడ మాత్రం పోతాయి. కిరసనాయిల్లో నానబెట్టి గుడ్డతో తుడిస్తే చాలు. ఆ తర్వాత కావలసింది ఊహ కాదు, వెర్నియర్.

ఒక పెద్ద గేరు దొరికిందనుకోండి. పళ్లు లెక్కపెట్టండి. మొదటి పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టుకోకపోతే ఎక్కడ మొదలుపెట్టారో మీకే తెలియదు. 127 వస్తే, లెక్క తప్పిందేమో, 128 అయి ఉంటుందిలే అని సర్దుకోకండి. అది 127 పళ్ల గేరే. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు, ఐదుతో హెచ్చవేస్తే 127. లేత్ లీడ్ స్క్రూ అంగుళాలదై, కోయాల్సిన మర మిల్లీమీటర్లదైతే ఈ అంకె గేర్లలో ఎక్కడో ఒకచోట రావాల్సిందే. 127 ప్రధాన సంఖ్య కాబట్టి చిన్న గేర్లుగా విడగొట్టడం కుదరదు. అంత పెద్ద గేరు వద్దనుకున్నవాళ్లు 63, 80 పళ్ల జతతో నెట్టుకొచ్చారు; తేడా ఎనిమిది వేలకు ఒకటి. నట్టు, బోల్టు దాన్ని పట్టించుకోవు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. చట్టం మారినంత తేలిగ్గా లీడ్ స్క్రూలు మారవు కదా.

కొన్నింటికి అంకెల కంటే అనుమానమే ఆధారం. చిన్న పెట్టెలో నాలుగు గట్టి ఉక్కు గుండ్రాలు, స్క్రూలు ఉంటాయి. ఒక్కో గుండ్రంలో రంధ్రం దాని స్క్రూ కంటే బాగా పెద్దది. ఎవరో చెడగొట్టారనిపిస్తుంది. కాదు, ఆ వదులులోనే పనంతా ఉంది. ఇవి టూల్‌మేకర్ బటన్లు. ప్లేటుకు వదులుగా బిగించి, మైక్రోమీటర్‌తో కొలుస్తూ మెల్లగా తట్టి, దూరం సరిపోయాక గట్టిగా బిగిస్తారు. తర్వాత ప్లేటును లేత్ ఫేస్‌ప్లేట్‌కు ఎక్కించి, బటన్ ఊగకుండా తిరిగేదాకా డయల్ గేజ్‌తో సరిచూసి, బటన్ తీసేసి అక్కడే బోరు చేస్తారు. జిగ్ బోరింగ్ మిషన్లు రాకముందు రంధ్రాల మధ్య దూరం ఖచ్చితంగా రావడానికి ఇదొక దారి. నాలుగింట్లో ఒకటి పొడుగ్గా ఉంటే జత తప్పిందని పారేయకండి. రెండు బటన్లు పక్కపక్కనే ఉన్నప్పుడు గేజ్ ముల్లు ఆనడానికే ఆ పొడుగు.

టేపర్ షాంకులను కంటితో పోల్చకండి. అడుగు పొడవుకు మోర్స్ టేపర్ దాదాపు 5/8 అంగుళం సన్నబడుతుంది, జార్నో 0.6, బ్రౌన్ అండ్ షార్ప్ సుమారు అర అంగుళం. ఇంత కొద్ది తేడాను కంటితో పట్టేశామనేవాళ్లను ఎక్కువగా నమ్మకండి.

ఇవన్నీ చూశాక కూడా కొన్ని మిగులుతాయి. అవి ఎవరో టర్నర్ ఒకే ఒక్క పనికోసం చేసుకున్న సొంత ఫిక్స్చర్లు. వాటి పేరు ఏ కేటలాగులోనూ ఉండదు. ఆయన ఇంకా ఊళ్లోనే ఉంటే, ముక్క పట్టుకుని ముందు ఆయన ఇంటికే వెళ్లండి.