జోడును బట్టి గెలుపు: కుక్కుటశాస్త్రంలో పోరు ఫలిత నిర్ణయం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: భిన్నమైన పోరాట రీతులు గల ఇద్దరు తలపడినప్పుడు గెలుపు ఎవరిదో ముందుగా చెప్పే ప్రయత్నం కోనసీమ కోడిపందేలలోనూ, హెవీవెయిట్ బాక్సింగ్‌లోనూ కనిపిస్తుంది. ఈ రెండింటినీ పోల్చి, కుక్కుటశాస్త్ర తర్కం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ వీగిపోతుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: కుక్కుటశాస్త్రం, కోనసీమ, కోడిపందెం, పంచపక్షి, హెవీవెయిట్ బాక్సింగ్.

1. ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాలో భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ కోడిపందేలకు పేరుపడ్డాయి. మామిడికుదురు, రాజోలు, అమలాపురం ప్రాంతాలతో కూడిన కోనసీమ ఈ సంప్రదాయానికి ఒక ముఖ్యస్థానం. పందెం కాసేవారికి తమ పుంజు బలం ఒక్కటే తెలిస్తే చాలదు. ఎదుటి పుంజు ఎలాంటిదో, పోరు ఏ వేళ జరుగుతుందో కూడా తెలియాలి. ఈ అవసరం నుండి పెరిగిన సంప్రదాయ విజ్ఞానమే కుక్కుటశాస్త్రం.

2. శాస్త్ర నిర్మాణం

కుక్కుటశాస్త్రం మొదట ఈకల రంగును బట్టి పుంజులను విభజిస్తుంది. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ. రెక్కలమీద లేదా వీపుమీద పసుపు ఈకలుంటే నెమలి. నలుపు, ఎరుపు, పసుపు కలిస్తే కౌజు. పర్ల, సవల, మైల, పూల, పింగళ వంటి పేర్లు మిశ్రమ వర్ణాలకు చెందినవి. ఈ విభజనకు కాలగణన తోడవుతుంది. పంచపక్షి శాస్త్రంలోని భోజనం, గమనం, రాజ్యం, నిద్ర, మరణం అనే అయిదు అవస్థలను పక్షం, వారం, జాము ప్రకారం పుంజులకు అన్వయిస్తారు. బరిలోకి ఏ దిక్కు నుండి వదలాలో కూడా నిర్దేశిస్తారు.

ఈ నిర్మాణంలో ఏ పుంజూ శాశ్వత విజేత కాదు. ఒక జాములో కాకిని ఓడించగలదని చెప్పే డేగ మరొక జాములో దానికే లోబడవచ్చు. అంటే గెలుపు ఒక్క పుంజులో ఉండే గుణం కాదనీ, రెండు పుంజుల మధ్య ఏర్పడే సంబంధమనీ ఈ శాస్త్రం భావిస్తున్నది.

3. సాహిత్య సాక్ష్యం

పుంజుల జోడును అంచనా వేసే నేర్పు ప్రాచీనమైనది. దండి దశకుమారచరితం అయిదవ ఉచ్ఛ్వాసంలో ప్రమతి ఒక కోడిపోరును చూస్తాడు. బలంలోనూ, పరిమాణంలోనూ అధికమైన నారికేళ జాతి పుంజుమీదికి బలాకా జాతి పుంజును ఆలోచన లేకుండా వదిలారని గ్రహించి నవ్వుకుంటాడు. పోరులో బలాకా జాతి పుంజే ఓడిపోతుంది. ఇక్కడ ప్రమతి చూసినవి జాతి, బలం, పరిమాణం. తిథి, వారాల ప్రసక్తి లేదు. ఈ కావ్యాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. ఓరుగల్లు నేపథ్యంగా గల క్రీడాభిరామంలోనూ కోడిపోరు వర్ణన ఉంది.

4. హెవీవెయిట్ బాక్సింగ్‌తో పోలిక

గెలుపు సంబంధాత్మకమనే భావనకు ఆధునిక క్రీడాచరిత్రలో బలమైన ఉదాహరణ అలీ, ఫ్రేజియర్, ఫోర్‌మన్‌ల త్రికోణం. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ ముహమ్మద్ అలీని ఓడించాడు. 1973 జనవరి 22న కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను ఆరుసార్లు నేలకూల్చి రెండవ రౌండులోనే ముగించాడు. 1973 మార్చిలో అలీని ఓడించిన కెన్ నార్టన్‌ను కూడా 1974లో రెండు రౌండ్లలోనే మట్టికరిపించాడు. అలీని గెలిచిన ఇద్దరినీ ఫోర్‌మన్ సునాయాసంగా గెలిచాడు గనుక అలీ కూడా అతనికి లొంగక తప్పదనే అంచనా బలపడింది. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఎనిమిదవ రౌండులో అలీ అతనిని పడగొట్టాడు.

కారణం రీతులలో ఉంది. వంగి ముందుకు దూసుకువచ్చే ఫ్రేజియర్ ఫోర్‌మన్ భారీ దెబ్బలకు తానే ఎదురువెళ్లాడు. అలీ తాళ్లకు ఆనుకొని, దెబ్బలను చేతులమీద కాచుకుంటూ, ఫోర్‌మన్ అలసిపోయేదాకా వేచి ఉన్నాడు. ‘అ’ను ‘ఆ’, ‘ఆ’ను ‘ఇ’ గెలిస్తే ‘అ’ను ‘ఇ’ గెలుస్తుందనే వరుస తర్కం పోరులో చెల్లదని ఈ త్రికోణం చూపుతుంది. కుక్కుటశాస్త్రం తన పట్టికలలో అంగీకరించినదీ ఇదే.

5. తర్కం వీగిపోయే చోటు

అయితే ఫలితానికి కారణాన్ని కుక్కుటశాస్త్రం రంగులోనూ, జాములోనూ వెతికింది. ఈకల రంగు పుంజు పోరాట రీతిని నిర్ణయిస్తుందనడానికి ఆధారం లేదు. పైగా రంగు, వారం, జాము, దిక్కు అనే ఇన్ని అంశాలున్నప్పుడు, చెప్పిన ఫలితం తప్పితే మరొక అంశాన్ని కారణంగా చూపవచ్చు. తప్పని నిరూపించే వీలులేని సూత్రం జోస్యమే అవుతుంది.

పందేల రకాలు మాత్రం వేరొక వాస్తవాన్ని సూచిస్తాయి. చూపుడు పందెంలో పుంజులను ముందుగా చూసుకొని జోడు కుదుర్చుకుంటారు. ముసుగు పందెంలో ఎదుటి పుంజు కనబడదు. ఫలితం నిజంగా రంగు, జాములలోనే ఉంటే ఎత్తు, బరువు, కాలి బలం, చురుకుదనం చూసుకోవలసిన పని లేదు. కత్తి కట్టని డింకీ పందెంలో ఓర్పుకు విలువ ఉంటుంది. కత్తి కట్టినచోట ఒక్క వేటు ఆ లెక్కలన్నింటినీ తారుమారు చేయగలదు.

6. ముగింపు

పోరు ఫలితం జోడును బట్టి మారుతుందన్న గ్రహింపు కుక్కుటశాస్త్రంలోని విలువైన అంశం. దానిని గ్రహబలానికి ముడిపెట్టడం వల్ల అది పరీక్షకు నిలిచే జ్ఞానంగా ఎదగలేకపోయింది. పట్టికను నమ్మి సొమ్ము ఒడ్డినవారికి అనిశ్చితిని నిశ్చయంగా చూపింది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 జంతువులను పోరుకు పురికొల్పడాన్ని నేరంగా పరిగణిస్తున్నది. కిన్షాసాలో అలీ తన రీతిని తానే ఎంచుకున్నాడు. కాలికి కత్తి కట్టి వదిలిన పుంజుకు బరిలో దిగడం గానీ, తప్పుకోవడం గానీ తన చేతిలో లేదు. అందువల్ల కుక్కుటశాస్త్రంలోని వర్ణనామాలను, కాలగణనను, మౌఖిక పరిజ్ఞానాన్ని జానపద విజ్ఞాన సామగ్రిగా సేకరించి భద్రపరచడం అవసరం. ఆ పని పందేన్ని సమర్థించకుండానే చేయవచ్చు.