దాగిన కోరపన్ను – అంగిలి చెప్పే సంగతులు

పదమూడేళ్ళు నిండిన అమ్మాయి నవ్వినప్పుడు, ఒకవైపు కోరపన్ను స్థానంలో చిన్న పాలపన్ను ఇంకా కనిపిస్తూ ఉంటే, "మా పిల్ల పళ్ళు గట్టివి" అని మనం మురిసిపోతాము. అయితే ఆ పాలపన్ను నిలిచి ఉండటానికి గట్టితనమే కారణం కాకపోవచ్చు. దానిని తోసి రావలసిన శాశ్వత దంతం దారి తప్పి ఎముకలోనే ఉండిపోయిందేమో చూడవలసిన వయసు అది.

దూరప్రయాణం

పై కోరపన్ను మొగ్గ దవడ ఎముకలో చాలా ఎత్తున, కంటిగుంట అడుగుకు చేరువలో ఏర్పడుతుంది. అక్కడినుండి చిగురుదాకా అది సుమారు 22 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. పక్కనున్న చిన్న ముందుపన్ను వేరు దానికి దారి చూపుతుందని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సాధారణంగా 11, 12 ఏళ్ళకు అది నోటిలోకి వస్తుంది. జ్ఞానదంతాల తరువాత ఎక్కువగా ఎముకలో చిక్కుకుపోయేది ఈ పన్నే. నూటికి ఒకరి నుండి ముగ్గురి వరకు ఇలా జరుగుతుంది. పురుషులలో కంటే స్త్రీలలో ఇది దాదాపు రెట్టింపు.

ఇరుకు ఒక్కటే కారణమా?

"దవడ ఇరుకు, అందుకే పన్ను రాలేదు" అన్నది మనలో పలువురి నమ్మకం. దీనిని పరీక్షించడానికి దంతవైద్యులు నోటి అచ్చు తీసి, కుడి ఎడమల మొదటి దవడపళ్ళ మధ్య వెడల్పును, అక్కడ అంగిలి ఎత్తును కొలుస్తారు. కోర్ఖౌస్ సూచిక ప్రకారం ఆ ఎత్తు వెడల్పులో నూటికి 42 వంతులుండటం సగటు. అంతకు బాగా మించితే అది ఎత్తైన, ఇరుకైన అంగిలి.

ఈ కొలతలను బట్టి చూస్తే సమస్య ఒకటి కాదు, రెండు. పన్ను పెదవివైపు నిలిచిపోయినప్పుడు సాధారణంగా చోటు చాలకపోవడమే కారణం. అలాంటి పన్నే ఒక్కొక్కసారి పైకి వచ్చి "పన్ను మీద పన్ను"గా కనిపిస్తుంది. అంగిలివైపు దాగినప్పుడు మాత్రం సంగతి వేరు. 1983లో జాకోబీ పరిశీలించిన వాటిలో అంగిలివైపు దాగిన పళ్ళకు నూటికి 85 పాళ్ళు తగినంత చోటు ఉన్నది. పెదవివైపు నిలిచిన వాటిలో 17 పాళ్ళకే ఆ వీలు ఉన్నది.

వెడల్పు విషయంలో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. 1996లో వచ్చిన ఒక పరిశీలన ఇలాంటివారి పై దవడ ఇరుకన్నది. 2000లో లాంగ్‌బర్గ్, పెక్ కొలిచి చూస్తే, అంగిలివైపు దాగినవారికీ ఇతరులకూ వెడల్పులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2012లో కొరియా పరిశోధకులు రెండు రకాలవారినీ పోల్చినప్పుడు, అంగిలివైపు దాగినవారి దవడ మరింత ఇరుకుగా, పొడవుగా, అంగిలి మరింత ఎత్తుగా ఉన్నట్లు తేలింది. కనుక దవడ వెడల్పుగా ఉన్నదని నిశ్చింతగా ఉండరాదు, ఇరుకుగా ఉన్నదని బెంగపడనూ రాదు. పక్కపన్ను మరీ చిన్నదిగా ఉండటం, అసలు లేకపోవడం, కుటుంబంలో మరొకరికి ఇదే ఇబ్బంది ఉండటం కూడా గమనించవలసిన సూచనలే.

నొప్పి లేని నష్టం

దాగిన పన్ను సాధారణంగా నొప్పి పెట్టదు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. అది పక్కపళ్ళ వేళ్ళను నిశ్శబ్దంగా కరిగించగలదు. స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ సీటీ పరీక్షలతో చూసి 2000లో ప్రకటించిన ఫలితాలలో, దారి తప్పిన కోరపళ్ళ పక్కనున్న చిన్న ముందుపళ్ళలో నూటికి 38 పళ్ళ వేళ్ళు అరిగి ఉన్నాయి.

ముందుగా తెలిస్తే

వీరే 1988లో 10 నుండి 13 ఏళ్ళ పిల్లలలో, అంగిలివైపు మళ్ళిన 46 కోరపళ్ళ విషయంలో పాలపన్నును మాత్రమే తీసివేసి చూశారు. వాటిలో 36 సరియైన దారికి వచ్చాయి. కోరపన్ను తల పక్కపన్ను వేరు నడిమిని దాటనప్పుడు నూటికి 91 పాళ్ళు, దాటిన తరువాత 64 పాళ్ళు ఫలితం కనిపించింది. అంగిలి ఇరుకుగా ఉన్న పిల్లలకు దానిని వెడల్పు చేసే పరికరం కూడా తోడ్పడవచ్చు. ఆలస్యమైతే చిగురు కోసి, పన్నుకు తీగ కట్టి, నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏడాదికి పైగా, మెల్లగా లాగవలసి వస్తుంది.

మనం చేయవలసినది స్వల్పమే. పిల్లలకు తొమ్మిది, పదేళ్ళు వచ్చినప్పుడు చేతులు శుభ్రంగా కడుక్కొని, పై పాలకోరపన్నుకు ఎగువన పెదవివైపు చిగురును వేలితో తడిమి చూద్దాము. రెండువైపులా ఉబ్బు తగిలితే మంచిదే. పదకొండేళ్ళు సమీపిస్తున్నా తగలకపోయినా, ఒకవైపే తగిలినా, దంతవైద్యునికి చూపించి ఎక్స్‌రే అవసరమేమో అడుగుదాము. అర నిమిషం పట్టే ఈ పరీక్షను పిల్లల పుట్టినరోజున గుర్తుపెట్టుకొని చేసినా చాలు.